నడుం కాదు

ఆ ఎన్నికల్లో ఎవరు గెలిచారని అడిగితే కాస్త ఆలోచించి చెప్పాలి గానీ, మా కొట్లో ఎవరు గెలిచారని అడిగితే నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ ఎండాకాలమంతా నాకు కనిపించిన పోటీ ఒక్కటే. ఒకవైపు నేను, పెద్దకోడల్ని. ఇంకోవైపు నా తోడికోడలు. మధ్యలో మా మామగారి కత్తెర.

మాది దర్జీ కొట్టు. కింద కొట్టు, పైన కాపురం. మామూలు రోజుల్లో చొక్కాలూ, గౌన్లూ, స్కూలు యూనిఫారాలూ కుడతాం. ఎన్నికలొచ్చాయంటే ఇక జెండాలే జెండాలు. చారల జెండా వాళ్ళూ మా దగ్గరికే వస్తారు, చుక్కల జెండా వాళ్ళూ మా దగ్గరికే వస్తారు. వీధిలో ఒకరి మొహం ఒకరు చూసుకోని వాళ్ళ గుడ్డలు మా బల్ల మీద పక్కపక్కనే పడుకునేవి. ఒకసారి మా అత్తగారు పొరపాటున చారల గుడ్డ మీద చుక్క కుట్టేసింది. "విప్పడం ఎందుకులే, రేపు ఇద్దరూ కలిసిపోతే ఇదే పనికొస్తుంది" అని మడిచి బీరువాలో పెట్టేసింది.

జెండా కుట్టడం సులువే. అంచులు మడిచి కుట్టి, కర్ర దూర్చడానికి ఒక పక్క గొట్టంలా వదిలితే అయిపోతుంది. చిక్కంతా కూర్చోవడంలో ఉంది. చొక్కా కుట్టేటప్పుడైతే కొలతకి లేస్తాం, ఇస్త్రీకి లేస్తాం, గుండీలు వెతుక్కోవడానికి లేస్తాం. జెండాకి లేవాల్సిన పనే లేదు. ఒకటి అవగానే ఇంకోటి చేతికందుతుంది. మా కొట్లో స్టూళ్ళు పొట్టివి, కూర్చుంటే మోకాళ్ళు పొట్టకి తగులుతాయా అన్నట్టుంటాయి. కాపురానికొచ్చినప్పటి నుంచీ నేను ఆ స్టూలు మీదే కుడుతున్నాను. లేవకుండా కూర్చోవడంలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు మహా గొప్ప.

ఇక నా తోడికోడలు. మరిది పెళ్ళయి ఇంకా ఏడాది తిరగలేదు. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చిన పిల్ల. ఇంట్లో అందరూ "చిన్నది" అనేవారు. కుట్టడానికి కూర్చుంటే పట్టుమని నాలుగు జెండాలు కుట్టేది కాదు, లేచి నిలబడేది. మంచినీళ్ళంటుంది, కిటికీ తెరుస్తానంటుంది, దారం ఉండ కావాలంటుంది. స్టూలు మీద దిండు వేసుకుని రాణీగారిలా ఎత్తున కూర్చునేది. నేను తల ఎత్తినప్పుడల్లా అది నిలబడే ఉండేది, నడుం మీద చెయ్యి వేసుకుని, ఈ కొట్టు నాదే అన్నట్టు. నాకు ఒళ్ళు మండిపోయేది.

అప్పటికి మామగారి వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. కత్తెర పట్టుకుంటే గీత పక్కకి పోతోంది. ఒకరోజు భోజనాల దగ్గర అందరి ముందూ చెప్పేశారు.

"ఎన్నికలవ్వగానే కత్తెర మీ ఇద్దర్లో ఒకళ్ళకి అప్పజెప్పేస్తా. నేనింక వాకిట్లో కుర్చీ వేసుక్కూర్చుంటా."

కత్తెర అంటే మాటలు కాదు. గుడ్డ కత్తిరించేవాళ్ళదే కొట్టు. వచ్చినవాళ్ళు వాళ్ళతోనే మాట్లాడతారు, కొలతలు వాళ్ళే తీస్తారు, మిగిలినవాళ్ళు వాళ్ళు కోసిచ్చింది కుడతారు. ఆ బల్ల ముందు నిలబడాలని నాకు ఎన్నేళ్ళుగానో ఆశ. పెద్దకోడల్ని, చెయ్యి తిరిగినదాన్ని, నాకు కాక ఇంకెవరికిస్తారు అనుకున్నాను.

మర్నాడే చిన్నది నా అనుకోవడం మీద నీళ్ళు చల్లింది. జెండా చుక్కలు కోయమని మామగారు దానికి అచ్చుగా ఒక అట్టముక్క ఇచ్చారు. అది గుడ్డని రెండు మడతలు వేసి, అట్టని ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పిపెట్టి, ముక్క వృథా కాకుండా కోసుకుంటూ పోయింది. మామగారు కళ్ళజోడు సవరించుకుని చూశారు.

"ఏదీ, మళ్ళీ చెయ్యి, చూస్తాను" అన్నారు.

మా మామగారు మెచ్చుకోవడమంటే తిట్టకపోవడమే. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను ఒక్కసారి కూడా "మళ్ళీ చెయ్యి, చూస్తాను" అనలేదు. ఆ రోజు నేను మధ్యాహ్నం టీకి కూడా లేవలేదు. అది ఎన్నిసార్లు లేచిందో చూసి, అన్నిసార్లూ నేను లేవలేదని మామగారు గమనించాలని నా ఆశ. ఆయన గమనించలేదు. నా కాలు గమనించింది.

సాయంత్రం మిషను మీంచి లేవబోతే కుడికాలు మొదట్లో, ముందువైపు, తొడ మడతపడే చోట ఏదో చటుక్కున పట్టేసింది. బట్టల క్లిప్పు పెట్టి నొక్కినట్టు. గది అటూ ఇటూ తిరిగితే వదిలేసింది. ఆ తర్వాత చెప్పులు వేసుకోవడానికి కాలెత్తితే నొక్కింది. జెండాల మూట పట్టుకుని ఆటో ఎక్కబోతే నొక్కింది. కింద బాసిపట్లు వేసుకుని గుడ్డలు మడతపెడుతుంటే నొక్కి, లేచేటప్పుడు లోపల టక్కున చప్పుడు కూడా చేసింది.

నొప్పి ఉన్నది గజ్జలో. మామగారి ముందు, మరిది ముందు ఆ మాట నోటితో ఎలా అంటాను? అందుకని "నడుం" అన్నాను. నడుం మర్యాదైన మాట. పెద్దవాళ్ళ ముందు చెప్పుకోలేని నొప్పులన్నీ అందులో సర్దుకుంటాయి.

నడుం అనగానే ఇంటిల్లిపాదీ వైద్యులైపోయారు. అత్తగారు వీపు వెనక తైలం పట్టించి మర్దనా చేసింది. మా ఆయన వేణ్ణీళ్ళ సంచి తెచ్చి నడుం కింద పెట్టాడు. నొప్పి ముందు, మందు వెనక. పక్కింటావిడ వచ్చి, "వెల్లకిలా పడుకుని మోకాలు గుండెలకి లాక్కుని పట్టుకో, నాకు దాంతోనే పోయింది" అంది. నేను తలుపేసుకుని బలంకొద్దీ లాక్కున్నాను. లాగినకొద్దీ లోపల నొక్కేది. బహుశా ఇంకా గట్టిగా లాగాలేమో అనుకుని ఇంకా లాగాను. వారం తిరిగేసరికి పక్కమీద ఆ వైపు తిరిగి పడుకోలేని స్థితికొచ్చాను.

ఇవన్నీ ఒక ఎత్తు, మామగారు అన్న మాట ఒక ఎత్తు.

"నడుం పోయినవాళ్ళు బల్ల దగ్గర ఏం నిలబడతారమ్మా. నువ్వు హాయిగా కూచుని కుట్టుకో పెద్దమ్మాయ్" అన్నారు, జాలిగా.

నాకు తల కొట్టేసినట్టయింది. నిలబడితే నాకు ఏ నొప్పీ లేదు. కూర్చుంటేనే చావు వస్తోంది. ఆ సంగతి చెప్పాలంటే ఎక్కడ నొప్పో చెప్పాలి. నోరు మూసుకుని మళ్ళీ ఆ పొట్టి స్టూలు మీదే కూలబడ్డాను. ఆయన బల్ల దగ్గర్నుంచి "చిన్నమ్మాయ్, ఇలా రా" అని పిలవడం, అది గునగునా వెళ్ళడం నా చెవుల్తో విన్నాను.

ఆ సాయంత్రం మేడమెట్ల దగ్గర చిన్నది నన్ను ఆపింది. నేను కుడికాలు ఎత్తకుండా ఒక్కో మెట్టూ ఎడమకాలితోనే ఎక్కుతున్నానట, చూసింది.

"అక్కా, నొప్పెక్కడ?"

"నడుమని చెప్పాగా."

"నోటితో కాదు, చేత్తో చూపించు."

నా చెయ్యి నన్ను అడక్కుండానే వెళ్ళి తుంటిని పట్టుకుంది. బొటనవేలు వెనక్కి, మిగతా వేళ్ళు ముందుకి, గుప్పెట్లో పట్టినట్టు.

"ముందుకి వంగి నేల ముట్టుకో" అంది. వంగాను. ఏమీ కాలేదు.

"ఇప్పుడు మోకాలు పైకెత్తి చెప్పు వేసుకో." ఎత్తాను. అమ్మా అన్నాను.

"ఇది నడుం కాదక్కా. తుంటి కీలు. ఎముక ముందువైపు నొక్కుతోంది. మా ఫ్యాక్టరీలో ఒకావిడకి అచ్చం ఇలాగే ఉండేది."

వేరేవాళ్ళెవరైనా ఈ మాట చెప్పుంటే కాళ్ళకి దణ్ణం పెట్టేదాన్ని. కానీ నా నొప్పి కూడా దానికే తెలియాలా? ఇన్నాళ్ళు నేను మోసిందీ, అత్తగారు రుద్దిందీ, మా ఆయన కాచిందీ వదిలేసి, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల రెండు ప్రశ్నలేసి దానికి పేరు పెట్టేసింది. అసూయకి హద్దుంటుందనుకునేదాన్ని, ఉండదని అప్పుడే తెలిసింది.

"నా నొప్పి సంగతి నాకు తెలుసులే. పైకెళ్ళు" అన్నాను.

అది నవ్వి ఊరుకుంది. ఆ నవ్వుకి కూడా నేను అర్థాలు తీశాను. నాది నడుమని అందరూ అనుకున్నంతకాలం కత్తెర దానిదే. అది నోరు మెదపకపోతే చాలు. మెదపదని నాకు గట్టి నమ్మకం. దాని స్థానంలో నేనుంటే మెదిపేదాన్ని కాదు.

రెండు రోజుల తర్వాత కొట్టు నిండా మిషన్ల మోత. చారల పార్టీ మనిషి వచ్చి జెండాల కట్టలు చూసుకుంటున్నాడు. మామగారు సుద్దముక్కతో గీతలు గీస్తూ, "రేపట్నుంచి చిన్నమ్మాయ్ ఇక్కడే ఉండి అలవాటు చేసుకుంటుంది. పెద్దదానికి నడుం బాలేదు కదా" అన్నారు.

చిన్నది మోతని మించి అరిచింది.

"అక్కకి నడుం కాదు మామయ్యా, గజ్జ!"

నా మిషను ఆగిపోయింది. అత్తగారి మిషనూ ఆగిపోయింది. మామగారికి చెవులు అంతంతమాత్రం.

"గజ్జా? గజ్జి అయితే దాచుకోవడమెందుకు, మందు రాసుకోవాలి గానీ! జెండాలన్నీ ముట్టుకుంటోంది!" అన్నారు కంగారుగా.

చారల పార్టీ మనిషి చేతిలో కట్ట కింద పెట్టేసి, అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"గజ్జి కాదు మామయ్యా, గజ్జ! తొడ మొదలు! ఇదిగో, ఇక్కడ!" అని చిన్నది తన తుంటి ముందువైపు చేత్తో చరిచి మరీ చూపించింది. "కూర్చుంటేనే తనకి నొప్పి, నిలబడితే కాదు. నిలబడే పని తనకే ఇవ్వాలి. నన్ను ఎక్కడ కూర్చోమన్నా కూర్చుంటా."

నేల చీలి నన్ను లోపలికి లాక్కుంటే బావుండుననిపించింది. అత్తగారు దగ్గరికొచ్చి, "అయితే ఇన్నాళ్ళూ నేను రుద్దింది ఎక్కడే?" అని నన్నే అడిగింది.

ఫిజియోథెరపీ ఆవిడ దగ్గరికి నన్ను చిన్నదే తీసుకెళ్ళింది. ఇంకెవరు తీసుకెళ్తారు? ఆవిడ నన్ను బల్ల మీద పడుకోబెట్టి, మోకాలు ఛాతీ వైపు మడిచి, కొంచెం లోపలికి తిప్పింది. పక్క గది వాళ్ళు తొంగిచూసేలా కేక పెట్టాను.

"తుంటి కీలంటే గిన్నెలో బంతి లాంటిదమ్మా" అందావిడ. "మీకు ఆ గిన్నె అంచు దగ్గర ముందువైపు ఇరుకైంది. కాలు బాగా మడిచినప్పుడల్లా లోపలిది నలిగిపోతోంది. ఎక్స్‌రే తీయించి పెద్ద డాక్టరుకి చూపిద్దాం గానీ, కంగారుపడాల్సిందేం లేదు. ఇంట్లో ఏమన్నా వ్యాయామాలు చేస్తున్నారా?"

మోకాలు గుండెలకి లాక్కునే సంగతి చెప్పాను.

"ఎవరు చెప్పారది?"

"పక్కింటావిడ. ఆవిడకి తగ్గిందట."

"ఆవిడది నడుం అయ్యుంటుంది. మీకది తలుపు సందులో వేలు పెట్టి తలుపు మూయడమే. ఈ రోజుతో ఆపెయ్యండి."

పొట్టి స్టూలు వద్దంది. కూర్చుంటే తుంటి మోకాళ్ళకన్నా ఎత్తులో ఉండాలంది. కింద బాసిపట్లు కొన్నాళ్ళు మానెయ్యమంది. నొప్పి రాకముందే లేచి నిలబడాలి గానీ, వచ్చాక కాదంది. పక్కకి తిరిగి పడుకుంటే మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోమంది. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, పిరుదులు పైకెత్తి కాసేపు నిలపడం నేర్పింది. ఓపిగ్గా చేస్తే కొన్ని వారాల్లో తేడా తెలుస్తుందనీ, తెలియకపోతే అప్పుడు వేరే దారి చూద్దామనీ చెప్పింది. ఆవిడ నన్ను ఒక ప్రశ్న అడిగితే చిన్నది నాకన్నా ముందు జవాబు చెప్పేది. చివరికి ఆవిడ దాన్ని చూసి, "ఇవన్నీ మీకెలా తెలుసు?" అని ముచ్చటపడింది. ఆ ముచ్చట కూడా దాని ఖాతాలోనే పడింది.

"మా ఫ్యాక్టరీలో ఒకావిడ ఉండేదిలెండి" అంది చిన్నది. ఇంటికొచ్చాక తన దిండు తెచ్చి నా మంచం మీద పడేసింది. "మోకాళ్ళ మధ్యకి" అంది.

ఎన్నికలు అయిపోయాయి. ఒక పార్టీ ఊరేగింది, ఇంకో పార్టీ తలుపులేసుకుంది. స్కూలు యూనిఫారాల గుడ్డ తానులు తానులుగా దిగింది. మామగారు కత్తెర నా చేతికిచ్చారు.

"కూర్చోలేవన్నారుగా, నిలబడు" అన్నారు. అంతే. నా పనితనం చూసి ఇవ్వలేదు, మందు ఇచ్చినట్టు ఇచ్చారు.

బల్ల ముందు నిలబడ్డాను. కాలికి సుఖంగా ఉంది. పొద్దున్నే పిరుదులెత్తే వ్యాయామం మానలేదు. నెమ్మదిగా చెప్పులు వేసుకోవడం నొప్పి లేకుండా అయింది, తర్వాత మెట్లెక్కడం. మనసుకే సుఖం లేదు. అత్తగారు వీధి వీధంతా చెప్పుకొచ్చింది, "మా చిన్నది చూడు, చేతికొచ్చిన కత్తెర అక్కకి ఇచ్చేసింది, ఎంత మంచి మనసో" అని. కత్తెర నాకొచ్చింది, పేరు దానికొచ్చింది. గెలిచినదాన్ని నేను, మెచ్చుకోళ్ళు ఓడినదానికి. అదేమో నా పాత స్టూలు మీద కూర్చుని నవ్వుతూ కాలర్లు కుడుతోంది. ఇప్పుడు అది లేవడం కూడా తక్కువే. నేను కోసి పడేస్తుంటే దానికి లేచే తీరికెక్కడిది?

నిలబడ్డవాళ్ళకి కొట్టంతా కనిపిస్తుంది. ఒక మధ్యాహ్నం నేను కత్తెర ఆపి చూస్తుండగా చిన్నది మిషను మీంచి లేచింది. సగంలో ఆగింది. చెయ్యి వెళ్ళి తుంటిని పట్టుకుంది. బొటనవేలు వెనక్కి, మిగతా వేళ్ళు ముందుకి.

నడుం మీద ఆ చేతిని పెత్తనం అనుకున్నాను ఇన్నాళ్ళూ.

అత్తగారు పైకెళ్ళేదాకా ఆగి దాని దగ్గరికెళ్ళాను.

"ఎవరే ఆ ఫ్యాక్టరీ ఆవిడ?"

"ఎవరో ఒకావిడ అక్కా."

"ఆవిడ ఇప్పుడెక్కడుంది?"

అది కుట్టిన కాలరు వేళ్ళతో సాఫు చేసింది. "కొత్తగా వచ్చినదాన్ని. రాగానే నొప్పులంటే ఏమనుకుంటారోనని..." అంది. "తగ్గిపోయిందక్కా నాకు. దిండు వేసుకుని, లేస్తూ కూర్చుంటూ ఉంటే అసలు తెలిసేదే కాదు."

ఆ దిండు నా మంచం మీదుంది. లేవకుండా కూర్చోబెట్టింది నేను. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంత మంచితనం ఎదురుగా పెట్టుకుని నేను బతికేదెలా?

"లే అక్కణ్ణుంచి" అన్నాను. "పొద్దున కత్తెర నీది. భోజనాలయ్యాక నాది. రేపు వడ్రంగిని పిలిచి ఈ స్టూళ్ళకి కాళ్ళు ఎత్తు చేయిస్తాను. నాతో వాదించావంటే మామయ్యకి నేనూ మోతని మించి అరిచి చెబుతా, గజ్జ అని."

అది పకపకా నవ్వింది. మర్నాడు పొద్దున కత్తెర దాని చేతిలో పెట్టాను. పెట్టేటప్పుడు నా వేళ్ళు ఒక పట్టాన ఊడిరాలేదు. అది లాక్కోలేదు, వదిలేదాకా ఆగింది.

ఆ వారం చివర్లో మామగారు వాకిట్లో కుర్చీలోంచి లేచి లోపలికొచ్చారు. కత్తిరించిన ముక్కల దొంతరలు ఒక్కొక్కటీ తీసి చూస్తున్నారు. కాలరు ముక్క ఒకటి వెలుతురుకి పట్టుకుని, వంపు మీద వేలు నడిపించారు. చాలాసేపు అలాగే పట్టుకున్నారు.

"ఇన్నేళ్ళకి నా చెయ్యి నీకొచ్చింది పెద్దమ్మాయ్" అన్నారు.

ఆ మాట కోసం ఆ ఎండాకాలమంతా నేను స్టూలుకి అతుక్కుపోయాను. తొడ మొదలు నలిగేదాకా కూర్చున్నాను. ఆ మాట వచ్చింది. ఆయన చేతిలో ఉన్నది మాత్రం పొద్దుటి దొంతరలోది.

చిన్నది తల ఎత్తలేదు. సూదిలో దారం ఎక్కిస్తూ ఉంది. ఎక్కిన దారాన్నే మళ్ళీ ఎక్కిస్తోంది. మా ఆయన నా వైపు చూసి గర్వంగా నవ్వాడు. నేను ఊరుకుంటే సరిపోయేది.

"నాది కాదు మామయ్యా" అన్నాను. "చిన్నదానిది."

"అలాగా" అన్నారాయన. ముక్కని దొంతర మీద పెట్టి, "ఈ చెయ్యి పాడు చేసుకోకు చిన్నమ్మాయ్" అని చెప్పి వాకిట్లోకి వెళ్ళిపోయారు.

సాయంత్రం కొట్టు మూసి మెట్లెక్కుతున్నాం, ఇద్దరం నెమ్మదిగా, ఒక్కో మెట్టూ. అది నా వెనక వస్తూ అంది.

"ఎందుకు చెప్పావక్కా? నేను ఊరుకున్నాగా. ఆయన నోటమ్మట ఆ మాట మళ్ళీ ఎప్పుడొస్తుందో."

"ఊరుకుంటావే, ఎందుకూరుకోవు" అన్నాను, వెనక్కి తిరక్కుండా. "ఊరుకోవడంలో కూడా నువ్వే గెలవాలా?"